మారిస్ స్టోక్స్: మూడు సంవత్సరాల ఆట, పన్నెండు సంవత్సరాల పోరాటం

క్రీడాకారుల జీవితచరిత్రలలో అధికభాగం గెలిచిన పోటీల పట్టికలతోను, పొందిన బహుమతుల వర్ణనలతోను నిండి ఉంటుంది. అట్టి రచనను చదివిన విద్యార్థి ఉత్సాహపడతాడు, నాలుగు రోజులకు మరచిపోతాడు. ఈ వ్యాసంలో మేము పరిచయం చేయదలచిన అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు మారిస్ స్టోక్స్ వృత్తిరీత్యా ఆడినది మూడే మూడు సంవత్సరాలు. అతని జట్టుకు ఒక్క ఛాంపియన్‌షిప్ అయినా దక్కలేదు. ఇరవై నాలుగవ ఏట అతని ఆట ఆగిపోయింది. ఆ తరువాత మరణపర్యంతం పన్నెండు సంవత్సరాలు అతడు ఆసుపత్రిలోనే గడిపాడు. ఇట్టి వానిని గురించి వ్రాయవలసిన అవసరమేమని కొందరు అడుగవచ్చును. ఆ పన్నెండు సంవత్సరాల కథ తెలియకపోతే ఆ ప్రశ్న సహజమే.

ముందుగా ఆటను గురించి రెండు మాటలు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయంలో, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో గదిలోపల ఆడదగిన ఆట ఒకటి కావలెనని ఆలోచించి, గోడకు పండ్ల బుట్టలు రెండు కొట్టించి దీనిని ప్రారంభించాడు. అదే సంస్థ ద్వారా ఆట మన దేశానికీ వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందినవారే మన పాత తరం వ్యాయామోపాధ్యాయులలో పలువురు. కనుక మన కళాశాల మైదానంలో నిలబడి ఉన్న ఆ రెండు ఇనుప కడియాలకూ స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ బంధుత్వం లేకపోలేదు.

ఈ ఆటలో బుట్టలో బంతి వేసినవాడినే ప్రేక్షకుడు చూస్తాడు. అయితే వేసిన బంతులలో సగానికి పైగా గురి తప్పి వెనక్కు వస్తాయి. అట్లా తిరిగివచ్చిన బంతిని పదిమంది తోపులాటలో ఎగిరి అందుకోవడమే రీబౌండ్. తన సహచరుడు బుట్ట వేయడానికి వీలుగా బంతిని అందించడం అసిస్ట్. మొదటిదానికి ఎత్తు, బలము కావలెను; రెండవదానికి చురుకైన చూపు, చేతివాటము కావలెను. ఆ కాలంలో పొడగరులు మొదటిపని, పొట్టివారు రెండవపని చేసేవారు. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, నూరు కిలోలకు పైబడిన బరువు గల స్టోక్స్ రెండు పనులూ చేశాడు. అతని ప్రత్యేకత అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

స్టోక్స్ 1933 జూన్ 17వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగర సమీపాన రాంకిన్ అనే ఊరిలో నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. తల్లి ఇండ్లలో పనిచేసేది. నలుగురు సంతానంలో ఇతనికొక కవల సోదరి. ఎనిమిదవ ఏట కుటుంబం హోమ్‌వుడ్ అనే పేటకు మారింది. అక్కడి వెస్టింగ్‌హౌస్ ఉన్నత పాఠశాలలో మొదటి రెండేండ్లు అతనికి జట్టు ముందువరుసలో చోటే దొరకలేదు. తరువాత 1950, 1951 సంవత్సరాలలో వరుసగా ఆ పాఠశాల నగర ఛాంపియన్‌గా నిలవడానికి అతడే ముఖ్య కారకుడైనాడు.

పెద్ద విశ్వవిద్యాలయాలకు పోక, లొరెటో అనే కుగ్రామంలో క్రైస్తవ సన్యాసులు నడిపే సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న కళాశాలలో అతడు చేరాడు. 1955లో న్యూయార్కులో జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలలో ఈ చిన్న కళాశాల నాలుగవ స్థానంలో నిలిచింది. విచిత్రమేమనగా, పోటీలన్నింటిలోకి ఉత్తమ ఆటగాడన్న బహుమతి మాత్రం నాలుగవ స్థానపు జట్టులోని స్టోక్స్‌కు లభించింది. చిన్న కళాశాలలో చదువుతున్నామన్న చింత గల మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

ఆ సంవత్సరమే రోచెస్టర్ రాయల్స్ అనే వృత్తి జట్టు అతనిని తీసుకున్నది. నల్లజాతివారికి ఎన్.బి.ఎ. అనబడే జాతీయ వృత్తి సంఘంలో ప్రవేశం లభించి అప్పటికి అయిదేండ్లే అయినది. 1950లో ఎర్ల్ లాయిడ్, చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్ అనే ముగ్గురితో ఆ తలుపు తెరచుకున్నది. స్టోక్స్ తన మొదటి పోటీలోనే 32 పాయింట్లు, 20 రీబౌండ్లు, 8 అసిస్టులు చేశాడు. మొదటి సంవత్సరపు సగటు పోటీకి 16.8 పాయింట్లు, 16.3 రీబౌండ్లు. ఒక్క పోటీలో 38 రీబౌండ్లు తీసిన సందర్భమూ కలదు. 1956లో ఉత్తమ నూతన క్రీడాకారుడుగా ఎన్నికైనాడు. మరుసటి సంవత్సరం 1,256 రీబౌండ్లు తీసి సంఘపు రికార్డును నెలకొల్పాడు. మూడు సంవత్సరాలలో ఆడిన 202 పోటీలలో అతని రీబౌండ్లు 3,492. ఆ మూడేండ్లలో మరెవ్వరికీ అన్ని లేవు. అసిస్టులు 1,062, ఇందులో అతనిని మించినవాడు బాస్టన్ జట్టుకు చెందిన బాబ్ కూసీ ఒక్కడే. కూసీ బంతిని అందించడమే వృత్తిగా గలవాడని మరువరాదు.

ఇక్కడొక ముచ్చట. 1956లో కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే మొదటి అవకాశం రోచెస్టర్ జట్టుకే వచ్చింది. అప్పుడు వారు బిల్ రసెల్‌ను వదలుకున్నారు. రీబౌండ్లకు స్టోక్స్ ఉండగా మరొకడెందుకన్న భావన అందుకు ఒక కారణమని చెబుతారు. ఆ రసెల్ బాస్టన్‌కు పోయి పదకొండు ఛాంపియన్‌షిప్పులు గెలిచాడు. స్టోక్స్ మీద వారికి గల నమ్మకం ఎంతటిదో దీనివలన తెలుస్తుంది.

1957లో రాయల్స్ జట్టు రోచెస్టర్ నుండి సిన్సినాటి నగరానికి మారింది. ఒహాయో నది ఒడ్డున గల ఈ నగరానికి ఆవలి గట్టు కెంటకీ రాష్ట్రం. అంతర్యుద్ధానికి పూర్వం ఆ గట్టున బానిసత్వం చట్టసమ్మతం. ఈ గట్టున నిషిద్ధం. నది దాటి పారిపోయివచ్చిన బానిసల కథలు ఆ నగరానికి అనేకం ఉన్నవి. అయినను 1957 నాటికి వర్ణభేదం నదికి ఒక వైపుననే నిలిచి ఉన్నదని చెప్పలేము. ఈ జట్టులోనే జాక్ ట్వైమన్ అనే శ్వేతజాతి యువకుడు ఉన్నాడు. అతనిదీ పిట్స్‌బర్గే. స్టోక్స్ చేరిన సంవత్సరమే అతడూ చేరాడు. దూరం నుండి గురిపెట్టి బంతి వేయడంలో దిట్ట. ఇద్దరూ ఒకే ఊరివారు, ఒకే జట్టువారు, మంచి సహచరులు. అంతకుమించి అసాధారణమైన ప్రాణస్నేహం అప్పటికి వారి మధ్య ఉన్నదని చెప్పడానికి వీలులేదు. ఈ విషయం ముఖ్యమని మా అభిప్రాయం.

1958 మార్చి 12వ తేదీన మినియాపోలిస్‌లో ఆ సంవత్సరపు చివరి లీగు పోటీ జరిగింది. బుట్ట వైపు దూసుకుపోతున్న స్టోక్స్ తగులుకొని పడిపోయాడు. తల నేలకు బలంగా కొట్టుకున్నది. స్పృహ తప్పింది. ఘాటైన ఔషధమేదో వాసన చూపించి లేపారు. లేచాడు, లేచి మళ్లీ ఆడాడు. మూడు రోజుల తరువాత డెట్రాయిట్‌లో మరొక పోటీలో 12 పాయింట్లు, 15 రీబౌండ్లు చేశాడు. అంత దెబ్బ తిన్నవాడు ఈపాటి ఆట ఆడగలడా అని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆనాడు ఎవరికీ ఆ ఆలోచన వచ్చినట్లు లేదు. తిరుగు ప్రయాణంలో విమానంలోనే అతనికి విపరీతమైన అస్వస్థత కలిగింది. మూర్ఛ వచ్చింది. తాను చనిపోతున్నానేమోనని ప్రక్కవారితో అన్నాడు. దిగగానే ఆసుపత్రికి చేర్చారు. వారాల తరబడి స్పృహలేని స్థితి. స్పృహ వచ్చేసరికి మెడ క్రింద శరీరం స్వాధీనంలో లేదు; మాట లేదు.

వైద్యులు మొదట దీనిని మెదడువాపు వ్యాధిగా కూడ భావించారు. తరువాత తలకు తగిలిన దెబ్బవలన మెదడు చెడినదని నిర్ధారణకు వచ్చారు. ఇది ఎట్లా జరుగుతుందో విద్యార్థులు తెలుసుకొనుట మంచిది. పుర్రె గట్టి పెట్టె వంటిది. మెదడు అందులో ద్రవం మధ్య మెత్తగా అమరి ఉంటుంది. తల నేలకు తాకినప్పుడు పుర్రె ఆగిపోతుంది గాని లోపలి మెదడు అదే వేగంతో పోయి గోడకు కొట్టుకుంటుంది. చర్మం మీద గాయం కనిపించకపోవచ్చును. లోపల వాపు మాత్రం గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి పెరుగుతుంది. పెట్టె పెరగదు గనుక వాపు మెదడునే నొక్కుతుంది. అందుచేత దెబ్బ తగిలిన నాడు నడచినవాడు మూడవ నాడు పడిపోవడంలో వింత లేదు. స్టోక్స్ విషయంలో దెబ్బతిన్నది శరీరపు కదలికలను నడిపే భాగం. ఆలోచన, జ్ఞాపకం, హాస్యం అన్నీ చెక్కుచెదరలేదు. సంపూర్ణమైన మనస్సు, కదలని దేహం. ఇంతకన్న కఠినమైన బంధనం మేము ఊహించలేము.

ఈ సందర్భంలో మా స్వంత విషయమొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం ఒక అంతర్ కళాశాల పోటీకి విద్యార్థులను మేము తీసుకొనిపోయినాము. ఆటలో ఒక అబ్బాయి వెల్లకిలా పడి క్షణకాలం కండ్లు తెరవలేదు. ముఖాన నీళ్లు చల్లినాము. లేచి కూర్చున్నాడు. "ఏమీ కాలేదు, పో, ఆడు" అని భుజం తట్టి పంపించినది మేమే. దేవుని దయవలన ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. స్టోక్స్ కథ చదివిన నాటినుండి ఆ నీళ్ల చెంబు మాకు తరచు జ్ఞాపకం వస్తున్నది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవానిని ఆ రోజు మళ్లీ ఆడనివ్వరాదనే నియమం నేడు ప్రపంచమంతటా ఉన్నది. ఎన్.బి.ఎ. సంఘం సైతం ఇందుకు వ్రాతపూర్వకమైన నిబంధనలను 2011లోగాని ఏర్పరచుకోలేదు. ప్రతి పోటీ వద్ద ప్రథమచికిత్స తెలిసిన వ్యక్తి ఒకరిని నియమించే విషయం కళాశాల కమిటీ పెద్దల దృష్టికి వినయపూర్వకంగా తెచ్చుచున్నాము.

తిరిగి కథకు వత్తాము. స్టోక్స్ మంచాన పడేసరికి సంవత్సరపు పోటీలు ముగిశాయి. జట్టు చేతులు మారింది. ఆడలేని ఆటగాడి జీతభత్యాల బాధ్యత, ఆసుపత్రి ఖర్చు బాధ్యత ఎవరి మీదా లేవు. సంఘంలో ఆటగాళ్లకు పింఛను లేదు, దీర్ఘకాల వైద్యానికి ఏర్పాటు లేదు. తల్లిదండ్రులు పిట్స్‌బర్గ్‌లో ఉన్నారు. అంత భారం మోయగల స్తోమత వారికి లేదు. బ్యాంకులో స్టోక్స్ స్వంత డబ్బు కొంత ఉన్నది గాని సంతకం పెట్టే చేయి కదలదు. మనిషి జీవించి ఉన్నాడు, చట్టం దృష్టిలో నోరు లేనివాడైనాడు. అతని తరఫున సంతకం పెట్టేవారు ఒకరు కావలెను.

ఆ ఒకరు జాక్ ట్వైమన్ అయినాడు. న్యాయస్థానానికి పోయి స్టోక్స్‌కు చట్టబద్ధమైన సంరక్షకుడుగా తనను నియమింపజేసుకున్నాడు. మన ఉర్దూ విద్యార్థులు 'సర్‌పరస్త్' అనే మాటతో దీనిని సులభంగా గ్రహిస్తారు. తండ్రి లేని పిల్లలకు పినతండ్రియో మేనమామయో ఉండేటటువంటి స్థానమది. అప్పటికి ట్వైమన్ వయస్సు ఇరవై మూడు సంవత్సరాలు, అనగా మన కళాశాల నుండి పట్టా పుచ్చుకొని పోయి రెండు మూడేండ్లయిన విద్యార్థి వయస్సు. భార్య ఉన్నది, సంసారం ఉన్నది. అప్పటి ఆటగాళ్ల జీతాలు నేటివలె కోట్లలో లేవు. ఆట లేని నెలలలో అతడు భీమా కంపెనీలో పనిచేసి సంపాదించుకొనేవాడు. తెల్లవాడు నల్లవానికి సంరక్షకుడు కావడం 1958 నాటి అమెరికాలో సామాన్యమైన సంగతి కాదు. పాఠశాలలలో వర్ణవివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి నాలుగేండ్లే అయినది. ఆ తీర్పును అమలు జరపడానికి 1957లో లిటిల్ రాక్ పట్టణానికి సైన్యాన్ని పంపవలసి వచ్చింది. ట్వైమన్ మాత్రం దీనిని త్యాగమని ఎన్నడూ చెప్పుకోలేదు. అక్కడ ఎవరో ఒకరు ఉండవలసి వచ్చింది, తానున్నానన్న ధోరణిలోనే చివరివరకు మాట్లాడేవాడు.

అతడు చేసిన మొదటి పని ఒహాయో రాష్ట్రపు కార్మిక నష్టపరిహార చట్టాన్ని ఆశ్రయించడం. మన దేశంలోనూ ఇట్టి చట్టం 1923 నుండి ఉన్నది. 2010లో దాని పేరును ఉద్యోగుల నష్టపరిహార చట్టమని మార్చారు. పనిచేస్తుండగా, ఆ పని కారణంగా కలిగిన గాయానికి యజమాని పరిహారం చెల్లించవలెనన్నది ఇట్టి చట్టాల మూలసూత్రం. స్టోక్స్‌ది వ్యాధి అయితే ఈ దారి మూసుకొనిపోయేది. గాయమైతే తెరచి ఉంటుంది. బంతి ఆడడం కూడ పనియేనని, ఆటస్థలం కూడ పనిస్థలమేనని, ఉక్కు కర్మాగారంలో తండ్రికి గల హక్కు ఆటస్థలంలో కొడుకుకూ ఉన్నదని వాదించవలసి వచ్చింది. ఆ వాదం నెగ్గింది, పరిహారం మంజూరయింది. ఆటగాడు కార్మికుడా అన్న ప్రశ్నకు లభించిన ఈ సమాధానం ఎన్ని బుట్టలకైనా సాటి రాగలదని మేము తలుస్తాము.

ఆ పరిహారమూ చాలలేదు. అప్పుడు 1958లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్స్‌కిల్ కొండలలో మాంటిసెల్లో వద్ద కుట్షర్ అనే హోటలులో ఆటగాళ్లందరూ చేరి స్టోక్స్ నిధి కొరకు ఒక పోటీ ఆడారు. తక్కిన చోట్ల యూదులను రానివ్వని రోజులలో యూదులు తమకొరకు కట్టుకున్న విడిదులు ఆ కొండల నిండ ఉండేవి. కుట్షర్ అందులో ఒకటి. ఆ పోటీ సంవత్సరం సంవత్సరం జరుగుతూ వచ్చింది. తమ ఖర్చులతో వచ్చి, ప్రతిఫలం పుచ్చుకోకుండ ఆడిన మహామహులు ఎందరో. వారిలో విల్ట్ ఛాంబర్లేన్ ఒకడు. విద్యార్థి దశలో వేసవి సెలవులలో అతడు ఆ హోటలులోనే సామానులు మోసే పనివాడుగా ఉండేవాడు. సంవత్సరమంతా ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొనేవారందరూ ఆ ఒక్కరోజు ఒక మంచం కొరకు ఆడారు.

ఆసుపత్రిలో జరుగుతున్నది మరొక రకమైన ఆట. మాట లేని రోజులలో ట్వైమన్ మంచం ప్రక్క కూర్చుండి ఆంగ్ల అక్షరమాలను వరుసగా చదివేవాడు. కావలసిన అక్షరం వచ్చినప్పుడు స్టోక్స్ కనురెప్ప ఆర్పేవాడు. అట్లా అక్షరానికి అక్షరం కూర్చి ఒక మాట, మాటకు మాట కూర్చి ఒక వాక్యం. మన విద్యార్థులు ఎవరైనా ఒక చిన్న వాక్యాన్ని ఈ విధంగా చెప్పి చూడవలెను. ఎంతసేపు పడుతుందో, ఎంత ఓర్పు కావలెనో తెలియగలదు. తరువాత వ్యాయామ చికిత్స ఆరంభమైనది. సంవత్సరాల తరబడి రోజూ శ్రమించి వ్రేళ్లు కదలించగలిగాడు. టైపు యంత్రం మీటలు నొక్కడం నేర్చుకున్నాడు. అతడు టైపు చేసిన మొదటి లేఖ ట్వైమన్‌కు కృతజ్ఞత తెలుపుతూ వ్రాసినదేనని చెబుతారు. మాట కూడ కొంత తిరిగివచ్చింది. చిత్రాలు గీసేవాడు. ఒకనాడు ముప్పది ఎనిమిది సార్లు గాలిలో బంతిని పట్టిన చేయి కుంచెను పట్టడానికి ఎన్ని నెలలు పట్టినదో!

ఈ లోపల ట్వైమన్ తన ఆటను విడువలేదు. 1959-60లో పోటీకి సగటున 31.2 పాయింట్లు చేశాడు. సగటున ముప్పది దాటడం ఆ సంఘపు చరిత్రలో అదే ప్రథమం. ఆ సంవత్సరమే ఛాంబర్లేన్ కూడ దాటాడు. జట్టు మాత్రం స్టోక్స్ లేక కుంగిపోయింది. 1958-59లో 19 పోటీలు గెలిచి 53 ఓడిపోయింది. 1960లో ఆస్కార్ రాబర్ట్‌సన్ వచ్చిన తరువాతగాని తేరుకోలేదు. రసెల్, ఛాంబర్లేన్ వంటివారు స్టోక్స్‌కు ఎదురుగా పదేండ్లు ఆడి ఉంటే ఎవరు గొప్ప అన్న వాదన అమెరికాలో నేటికీ వినబడుతుంది. అట్టి వాదనలకు అంతు లేదు గనుక మేము అందులోనికి పోము.

అంతకంటె ముఖ్యమైన పరిణామం ఒకటి కలదు. 1964 జనవరి 14వ తేదీన బాస్టన్‌లో ప్రముఖ ఆటగాళ్ల ప్రదర్శన పోటీ జరుగవలసి ఉన్నది. మొదటిసారిగా టెలివిజన్‌లో సాయంకాలపు ముఖ్య సమయంలో ప్రసారం కావలసిన పోటీ అది. ఆటగాళ్లు దుస్తులు మార్చుకొనే గదిలోనే కూర్చుండి, పింఛను విషయం తేల్చనిదే బయటికి రామన్నారు. ప్రతి జట్టుకు గాయాలను చూచుకొనే శిక్షకుడు ఉండవలెననడం కూడ వారి కోరికలలో ఒకటి. యజమానులు ఒప్పుకోక తప్పలేదు. ఆ గదిలో ఎవరైనా స్టోక్స్ పేరు ఎత్తారో లేదో గాని, కుట్షర్ హోటలు ఆటస్థలానికి పోయివచ్చినవారు ఆ గదిలో ఉన్నారు.

1970 ఏప్రిల్ 6వ తేదీన సిన్సినాటిలో గుండెపోటుతో స్టోక్స్ మరణించాడు. వయస్సు ముప్పది ఆరు సంవత్సరాలు. తనను లొరెటోలోని తన కళాశాల ఆవరణలో ఖననం చేయవలెనని కోరుకున్నాడు. ఆ ప్రకారమే సన్యాసుల శ్మశానవాటికలో, వారి మధ్యన అతనికి చోటిచ్చారు. మరుసటి నెల 8వ తేదీన న్యూయార్కులో ఛాంపియన్‌షిప్ చివరి పోటీ జరిగింది. గాయపడిన విల్లిస్ రీడ్ కుంటుతూ ఆటస్థలంలోనికి వచ్చిన ఆ ఘట్టం నేడు అందరి ఫోనులలోనూ చూడవచ్చును. దానికి టెలివిజన్ వ్యాఖ్యానం చెప్పిన ఇద్దరిలో ఒకడు ట్వైమన్. గాయంతో ఆడవచ్చిన ఆటగాడిని చూచి ప్రేక్షకులు హర్షధ్వానాలు చేస్తున్న వేళ అతని మనస్సులో ఏమి మెదలినదో మనము ఊహించుకోవలసినదే.

1973లో వారిద్దరి కథను 'మారీ' అనే పేరుతో చలనచిత్రంగా తీశారు. ట్వైమన్ ఆట విడిచిన తరువాత వ్యాపారరంగంలో ప్రవేశించి ఒక ఆహారపదార్థాల సంస్థకు అధిపతి అయినాడు. 1983లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో అతని పేరు చేర్చారు. స్టోక్స్‌ను చేర్చడానికి మరి ఇరవై ఒక్క సంవత్సరాలు పట్టింది. మూడేండ్ల ఆట చాలదన్నది అభ్యంతరం. ట్వైమన్ పట్టు విడువలేదు. 2004లో ఆ గౌరవం లభించినప్పుడు దానిని స్టోక్స్ తరఫున అందుకొన్నది డెబ్బదేండ్ల ట్వైమనే. స్నేహితుని కొరకు అతడు నెరవేర్చిన బాధ్యతలలో అది కడపటిది. 2012 మే 30న ట్వైమన్ మరణించాడు.

మరుసటి సంవత్సరం నుండి ఎన్.బి.ఎ. సంఘం ఏటేటా ఉత్తమ సహచరునికి వారిద్దరి పేర ఒక బహుమతి ఇస్తున్నది. మొదట దానిని పొందినవాడు చాన్సీ బిలప్స్. ఆ బహుమతికి పాయింట్ల లెక్కతో గాని రీబౌండ్ల లెక్కతో గాని నిమిత్తం లేదు. ఎవరికి ఇవ్వవలెనో ఆటగాళ్లే ఓటు వేసి నిర్ణయిస్తారు.